‘మీ పేరున్న ఖాతాలన్నీ చెప్పండి’: అమెరికాలో సీపీఏను వెతుక్కున్న నా అనుభవం

2023 డిసెంబరులో తెనాలిలోని మా బ్యాంకు నుంచి ఒక మెయిల్ వచ్చింది. కేవైసీ వివరాలు మళ్లీ నింపి పంపమన్నారు. ఆ ఫారంలో ఒకచోట ‘ఫాట్కా డిక్లరేషన్’ అని ఉంది. మీరు ఏ దేశంలో పన్ను కడుతున్నారు, అక్కడ మీ పన్ను గుర్తింపు సంఖ్య ఎంత అని అడిగారు. అమెరికా అని రాసి, సోషల్ సెక్యూరిటీ నంబరు వేసి పంపేశాను. పడుకున్నాక మాత్రం ఆ నంబరు తెనాలి బ్యాంకుకు ఎందుకన్న ఆలోచన వదల్లేదు.

లేచి ల్యాప్‌టాప్ తెరిచి చదవడం మొదలుపెట్టాను. భారత్, అమెరికా 2015 జులైలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. అమెరికాలో పన్ను కట్టేవాళ్లకు మన బ్యాంకుల్లో ఉన్న ఖాతాల వివరాలు మన ఆదాయపు పన్ను శాఖ ద్వారా ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు వెళ్తాయి. అంటే ఇక్కడి సంపాదన పంపి మన బ్యాంకులో వేసుకున్న నా ఎన్ఆర్ఈ డిపాజిట్ల సంగతి వాళ్లకు చేరే దారి ఉంది. మరి నేను చెప్పానా? 2022 రిటర్ను పీడీఎఫ్ తీసి చూశాను. షెడ్యూల్ బి చివర, విదేశాల్లో మీకు బ్యాంకు ఖాతా ఉందా అనే ప్రశ్న ఉంది. దాని ఎదురుగా ‘లేదు’ అని టిక్ పెట్టి ఉంది.

అది నేను పెట్టిన టిక్ కాదు. కానీ కింద ఉన్నది నా పేరూ, నా భార్య పేరూ.

నేను 2016లో హైదరాబాద్ నుంచి హెచ్-1బీ మీద డాలస్ వచ్చాను. మొదటి సంవత్సరం నుంచీ నా ట్యాక్సులు ఒకాయనే చేశారు. మా తెనాలి వాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరం ఆయన్ని ‘సీపీఏ గారు’ అనేవాళ్లం. సీపీఏ అంటే ఇక్కడ లైసెన్సున్న అకౌంటెంటు. మా ఇంటర్ స్నేహితుడి అక్క అత్తగారి వైపు చుట్టం. ఫిబ్రవరిలో, కంపెనీ ఇచ్చే ఏడాది జీతం లెక్క డబ్ల్యూ-2 ఫొటో వాట్సాప్‌లో పంపితే రెండు రోజుల్లో రిటర్ను వచ్చేది. 75 డాలర్లు. ఆఖరి పేజీలో రీఫండ్ ఎంత వస్తోందో చూసుకుని ‘ఓకే అండీ’ అని మెసేజ్ పెట్టేవాణ్ని. ఏడేళ్లు అలాగే నడిచింది. ఆ ఏడేళ్లలో నా డబ్బు గురించి ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడిగినట్టు గుర్తు లేదు.

ఆ రాత్రి ఇంకో విషయం కూడా గమనించాను. రిటర్ను రెండో పేజీలో, డబ్బు తీసుకుని దాన్ని తయారు చేసినవాళ్లు పేరు రాసి సంతకం చేయాల్సిన గడి ఖాళీగా ఉంది. అంటే ఐఆర్‌ఎస్ దృష్టిలో దాన్ని నేనే తయారు చేసుకున్నట్టు. ఇలా సంతకం పెట్టకుండా తప్పుకునేవాళ్లను ఇక్కడ ‘గోస్ట్ ప్రిపేరర్’ అంటారని, వాళ్ల దగ్గరికి వెళ్లొద్దని ఐఆర్‌ఎస్ ఏటా హెచ్చరిస్తుందని అప్పుడే తెలిసింది.

తెల్లారి సీపీఏవెరిఫై అనే సైటులో ఆయన పేరు కొట్టాను. రాష్ట్రాల అకౌంటెన్సీ బోర్డులు ఇచ్చిన సమాచారంతో నడిచే సైటు అది, ఉచితం. పేరు లేదు. ఊరు మార్చి, స్పెల్లింగు మార్చి కొట్టినా లేదు. ఆలోచిస్తే, ఆయన ఎప్పుడూ తాను సీపీఏనని నాతో అనలేదు. ఆ పేరు మేం పెట్టుకున్నదే. అనేవాళ్లం, నమ్మేవాళ్లం.

ఆ వారంలో ఎఫ్‌బార్ గురించి దొరికినదంతా చదివాను. విదేశాల్లో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఫిన్‌సెన్ ఫారం 114 వేయాలి, దాన్నే ఎఫ్‌బార్ అంటారు. ఇది ట్యాక్స్ రిటర్నుతో పాటు పోదు, వేరే వెబ్‌సైటులో విడిగా వేయాలి. ఏప్రిల్ 15 గడువు, అది దాటితే అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. తెలియక వేయకపోతే చట్టంలో రాసిన జరిమానా 10,000 డాలర్ల దాకా. ఆ అంకెను ద్రవ్యోల్బణంతో పాటు పెంచుతుంటారు కూడా. 2023 ఫిబ్రవరిలో బిట్నర్ అనే ఆయన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఈ జరిమానా ఒక్కో ఖాతాకు కాదు, ఏడాదికి ఒక్కో రిపోర్టుకు మాత్రమే అని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు గురించి చదవకముందు నేను నాకు గుర్తున్న ఖాతాలను ఆరేళ్లతో గుణించి కూర్చున్నాను. ఆ రెండు రోజులూ సరిగా అన్నం తినలేకపోయాను. నా భార్య మాత్రం ఒకటే అంది: “ఏమండీ, ఇలా రాత్రుళ్లు చదువుకుంటూ కూర్చుంటే తేలదు. తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్దాం.”

అలా వెతకడం మొదలైంది.

ముందు తెలుసుకోవాల్సి వచ్చింది ఇది. టెక్సాస్‌లో డబ్బు తీసుకుని ఇంకొకరి రిటర్ను తయారు చేయడానికి ఐఆర్‌ఎస్ ఇచ్చే పీటిన్ అనే నంబరు ఉంటే చాలు. పరీక్ష అక్కర్లేదు. సీపీఏ అలా కాదు. అందరికీ ఒకే పరీక్ష ఉంటుంది, లైసెన్సు రాష్ట్ర బోర్డు ఇస్తుంది. టెక్సాస్‌లో ఆ లైసెన్సు నిలబెట్టుకోవాలంటే మూడేళ్లలో 120 గంటలు చదువుకోవాలి. తప్పు చేస్తే ఫిర్యాదు చేయడానికి ఒక బోర్డు ఉంటుంది. ఎన్‌రోల్డ్ ఏజెంట్లని మరొక వర్గం ఉంది. వాళ్లకు లైసెన్సు ఐఆర్‌ఎస్సే ఇస్తుంది, వాళ్ల పని పూర్తిగా ట్యాక్సులే. సీపీఏ, ఎన్‌రోల్డ్ ఏజెంటు, లాయరు, ఈ ముగ్గురికీ ఏ విషయంలోనైనా ఐఆర్‌ఎస్ ముందు మన తరఫున నిలబడే హక్కు ఉంది. నేను సీపీఏ కోసమే వెతికినా, నా పనికి అనుభవమున్న ఎన్‌రోల్డ్ ఏజెంటు కూడా సరిపోయేవారు.

ముగ్గురితో మాట్లాడాను.

మొదటిది గుడి దగ్గర బ్యానర్లు కట్టే ఒక సంస్థ. ఫోనెత్తిన అబ్బాయి చక్కటి తెలుగులో, “సార్, మీరు పోయినేడు వచ్చిన రీఫండ్ ఎంతో చెప్పండి, అంతకంటే ఎక్కువ తెప్పిస్తాం” అన్నాడు. నా కాగితాలేవీ చూడలేదు, నా జీతం ఎంతో అడగలేదు. ఫీజు ఎంతంటే, అదనంగా వచ్చే రీఫండులో ఇంత శాతం అన్నాడు. రీఫండులో వాటా అడిగేవాళ్లకు దూరంగా ఉండమని అప్పటికే చదివి ఉన్నాను. ఎక్కడో ఒకచోట లేని ఖర్చు రాస్తేనే కదా వాళ్ల వాటా పెరిగేది! అక్కడితో ఆపేశాను.

రెండో ఆయన ప్లేనోలో ఉండే తెలుగాయనే, నిజమైన సీపీఏ. బోర్డు సైటులో లైసెన్సు ఉంది. పదిహేను నిమిషాలు నా మాట ఓపిగ్గా విన్నారు. తర్వాత, “బాబూ, నేను హోటళ్లు, గ్యాస్ స్టేషన్లు నడిపేవాళ్ల పుస్తకాలు చూస్తాను. విదేశీ ఖాతాల పని నాకు రాదు. నేర్చుకుంటూ మీ మీద ప్రయోగం చేయను” అని చెప్పారు. రిచర్డ్‌సన్‌లో ఉండే ఒక సీపీఏ నంబరు ఇచ్చారు. డబ్బులు వచ్చే పనిని చేతికందాక వదులుకుని, రాదు అని చెప్పగలిగిన మనిషి. ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మూడో ఆవిడ దగ్గరికి 2024 జనవరిలో వెళ్లాను. అరవైకి దగ్గర పడ్డ అమెరికన్. పళ్ల డాక్టరు క్లినిక్ పైన రెండు గదుల ఆఫీసు, ఒక సహాయకురాలు. మా ఇంటిపేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, సరిగ్గా ఎలా పలకాలో నన్నే అడిగి కాగితం మీద రాసుకున్నారు. టెలికాం కంపెనీలు రిచర్డ్‌సన్‌కు వచ్చిన రోజుల నుంచీ భారతీయ ఇంజనీర్ల పన్నులు చూస్తున్నారట. ఎఫ్‌డీ, పీపీఎఫ్, ఎన్ఆర్ఓ అన్న మాటలు ఆవిడకు నేను విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. మొదటి గంటకు 200 డాలర్లు, పని ఒప్పుకుంటే దాన్ని ఫీజులో కలుపుతామన్నారు.

నేను ఫైలు తెరవబోతుంటే చేత్తో ఆపారు. “ఏమీ చెప్పకముందు ఒక మాట వినండి. ఈ ఖాతాల గురించి చెప్పాలని తెలిసీ, కావాలనే మీరు దాచి ఉంటే, ఇక్కడే ఆగిపోయి లాయరు దగ్గరికి వెళ్లండి. లాయరుకు చెప్పినదానికి ఉన్న రక్షణ నాకు చెప్పినదానికి లేదు. క్రిమినల్ వ్యవహారమైతే, మీరు నాతో ఏమన్నారో నన్ను పిలిచి అడగొచ్చు.”

తెలియదండీ, నిజంగా తెలియదు అన్నాను. ఆ మాట అంటుంటే గొంతు పట్టేసింది. ఆవిడ తలూపి, ఒక పెద్ద పసుపు రంగు పుస్తకం తీసుకున్నారు.

“మీ పేరున్న ఖాతాలన్నీ చెప్పండి.”

ఎన్ఆర్ఈ సేవింగ్స్, ఎన్ఆర్ఓ సేవింగ్స్, ఎన్ఆర్ఈ డిపాజిట్లు అని చెప్పాను. రాసుకున్నారు. మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయా? 2018 నుంచి నెలకు ఐదు వేల సిప్ ఉంది. బీమా? నేను ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు నాన్న కట్టడం మొదలుపెట్టిన ఎల్ఐసీ పాలసీ ఉంది. సరెండర్ విలువ ఉన్న పాలసీ కూడా లెక్కలోకి వస్తుందన్నారు. భూమి? తెనాలి పక్కన ఎకరంన్నర, తాతగారిది, నా పేరు మీదే ఉంది. దాన్ని ఎఫ్‌బార్‌లో చెప్పక్కర్లేదు, కౌలు వస్తుంటే మాత్రం ఆదాయంగా చూపాలి అన్నారు. కౌలు నాన్నే తీసుకుంటారు. ఎంత, ఎవరి చేతికి, ఎలా? రాసుకున్నారు. ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగారు. ఏడేళ్లలో ఎవరూ అడగనిది, నాకు నేనుగా ఎప్పటికీ తట్టనిది.

“ఇంకెవరి ఖాతాలోనైనా, వాళ్ల సౌకర్యం కోసం మీ పేరు ఉందా?”

ఉంది. నాన్న హైస్కూలు హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. పెన్షన్ ఖాతా అమ్మతో ఉంది. అది కాక, ఇంకో సేవింగ్స్ ఖాతా, కొన్ని డిపాజిట్లు నా పేరు కలిపి పెట్టారు. రేపు తనకేమైనా అయితే నేను బ్యాంకుల చుట్టూ తిరగకూడదని ఆయన ఆలోచన. నా దృష్టిలో అది నా ఖాతా కానే కాదు. అందుకే ఆవిడ ‘అన్నీ’ అన్నప్పుడు కూడా నేను చెప్పలేదు. అబద్ధం చెప్పాలని కాదు, గుర్తుకే రాలేదు.

ఆ గంటలో 40కి పైగా ప్రశ్నలు అడిగారు. బయటకు వచ్చాక కారులో చాలాసేపు ఊరికే కూర్చున్నాను. సమస్య అలాగే ఉన్నా, అది ఎంత పెద్దదో ఇప్పుడు తెలిసింది. నెల రోజులుగా ఉన్న టెన్షన్ ఆ రోజు సగానికి తగ్గింది. ఎవరైనా నన్ను సీపీఏను ఎలా ఎంచుకోవాలని అడిగితే ఇదే చెబుతాను: లైసెన్సు చూసుకున్నాక, మొదటి మాటల్లో వాళ్లు మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారో లెక్కపెట్టండి. మనకు తెలిసినదాన్ని ఫారంలో ఎక్కించడానికి సాఫ్ట్‌వేర్ చాలు. మనకు తెలియనిదాన్ని మనలోంచి బయటికి తీసేవాళ్లకే ఫీజు ఇవ్వాలి.

ఆవిడ ఒప్పందం ఉత్తరం మూడు పేజీలుంది. ఏం చేస్తారు, ఏం చేయరు, ఫీజు ఎంత, ఆడిట్ వస్తే గంటకు ఎంత విడిగా తీసుకుంటారు, అన్నీ రాశారు. పూర్తి నిజమైన వివరాలు ఇచ్చే బాధ్యత నాదే అని ఒక పేరా ఉంది. నా కాగితాలు అమెరికా దాటి బయటికి పంపరని ఇంకో పేరా. అదెందుకని అడిగాను. రిటర్ను వివరాలు వేరే దేశంలో పనిచేసేవాళ్లకు పంపాలంటే చట్టం ప్రకారం ముందుగా మన రాతపూర్వక అనుమతి తీసుకోవాలట. ఏడేళ్లుగా నా పాస్‌పోర్టు, డబ్ల్యూ-2 వాట్సాప్‌లో ఎక్కడెక్కడ తిరిగాయో నాకు తెలియదు. ఎవరూ నా అనుమతి అడగలేదు. ఇక్కడ మాత్రం వాట్సాప్, మామూలు ఈమెయిలు రెండూ కుదరవు, పాస్‌వర్డుతో తెరిచే పోర్టల్‌లోనే పెట్టాలి.

మాకు మూడు దారులున్నాయని చెప్పారు. ఏమీ చేయకుండా ఊరుకోవడం మొదటిది, దాన్ని చర్చించడానికి కూడా ఒప్పుకోలేదు. పాత రిటర్నులు గుట్టుగా సవరించి పంపేసి ఎవరూ చూడరనుకోవడం రెండోది. వాట్సాప్ గ్రూపులో ఇద్దరు నాకు ఈ సలహానే ఇచ్చారు. అలా పంపితే, రేపు దొరికినప్పుడు ఏ రక్షణా ఉండదన్నారు. మూడోది ఐఆర్‌ఎస్ పెట్టిన ‘స్ట్రీమ్‌లైన్డ్ డొమెస్టిక్ ఆఫ్‌షోర్’ అనే పద్ధతి. తెలియక చేసినవాళ్ల కోసమే అది. మూడేళ్ల రిటర్నులు సవరించాలి, ఆరేళ్ల ఎఫ్‌బార్లు వేయాలి, పన్ను, వడ్డీ కట్టాలి. వీటిపైన, ఆరేళ్ల సంవత్సరాంతపు నిల్వల్లో అన్నిటికంటే పెద్ద మొత్తం మీద 5 శాతం జరిమానా. వడ్డీ ఆదాయమంతా ముందే చూపి ఉండి, ఎఫ్‌బార్ ఒక్కటే మర్చిపోయి ఉంటే ఈ జరిమానా కూడా లేని దారి ఉండేదట. మాది అలా కాదు. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి మన దేశంలో పన్ను లేదు, కాబట్టి ఎక్కడా లేదనుకున్నాను. అమెరికాలో ఉంది. అక్కడ పన్ను కట్టలేదు కనుక ఇక్కడ తగ్గించుకోవడానికి కూడా ఏమీ లేదు.

ఇక కాగితాల పని. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో రెండు నెలల శని, ఆదివారాలు దీనికే పోయాయి. మన బ్యాంకులు వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఇస్తాయి. ఇక్కడ జనవరి నుంచి డిసెంబరు లెక్క. అంటే సర్టిఫికెట్లు పెట్టుకుని ఏ లాభమూ లేదు. ఒక్కో డిపాజిట్‌కు మూడు నెలలకోసారి వడ్డీ పడ్డ తేదీలు చూసి, క్యాలెండర్ సంవత్సరాల ప్రకారం మళ్లీ కూడుకోవాలి. డిపాజిట్ గడువు తీరాక ఒకేసారి చూపుదామంటే కుదరదు, ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాదే చూపాలి. పైగా ఎఫ్‌బార్‌కు కావలసింది వడ్డీ కాదు, ఒక్కో ఖాతాలో ఏడాది మొత్తంలో ఎక్కువగా ఉన్న నిల్వ. దాన్ని డాలర్లలోకి మార్చడానికి అమెరికా ట్రెజరీ ప్రకటించే డిసెంబరు 31 రేటు వాడాలి. నా భార్య స్ప్రెడ్‌షీటు తయారు చేసింది. ఆరు ఖాతాలు, ఆరేళ్లు, 2017 నుంచి 2022 వరకు. తనే లేకపోతే నేను మధ్యలో వదిలేసేవాణ్ని.

నాన్నకు ఫోన్ చేయడం అన్నిటికంటే కష్టమైంది.

“మీ ఖాతాల స్టేట్‌మెంట్లు కావాలి నాన్నా. 2017 నుంచి.”

“ఎందుకురా?”

చెప్పాను. అవతల కొంతసేపు మాట లేదు. “నేను చాక్‌పీసు పట్టుకుని సంపాదించిన డబ్బురా అది. అమెరికా వాళ్లకెందుకు చెప్పాలి?” అన్నారు. కోపం కాదు, నొచ్చుకున్నారు. తన కష్టార్జితం మీద ఎవరో చెయ్యి వేస్తున్నారని అనిపించింది ఆయనకు. డబ్బు తీసుకోవడం కాదు నాన్నా, నా పేరుంది కాబట్టి ఉందని చెప్పడమే అన్నాను. ఫోన్ అమ్మకిచ్చేశారు.

నాలుగో రోజు ఆయనే చేశారు. ట్రంకు పెట్టెలోంచి పాత పాస్‌బుక్కులు ఐదు తీశారట. చిరిగిన పేజీలకు బ్యాంకులో అర్జీ పెట్టి స్టేట్‌మెంట్లు తీసుకున్నారు. ఎల్ఐసీ ఆఫీసుకు వెళ్లి ఏడాదివారీ సరెండర్ విలువలు రాయించుకొచ్చారు. ఎండలో రెండుసార్లు తిరిగారని అమ్మ చెప్పింది. “అప్పుడే వద్దన్నా నీ పేరు పెట్టాను. నీకు సుఖంగా ఉంటుందనుకున్నాను” అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

ఈ ఖాతా విషయంలోనే మా సీపీఏ తన ఫీజుకు తగిన పని చేశారనిపించింది. ఎఫ్‌బార్‌లో చూపక తప్పదు, అందులో సందేహం లేదన్నారు. కానీ 5 శాతం జరిమానా లెక్కలో కలపాలా వద్దా అన్నది ఆ డబ్బు ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆరేళ్ల స్టేట్‌మెంట్లు లైను లైనుగా చూశారు. జమ అయినదంతా నాన్న పెన్షన్ ఖాతా నుంచి, రిటైర్మెంటు డబ్బు నుంచి వచ్చిందే. నేను ఒక్క రూపాయి వేయలేదు, తీయలేదు. అది చూపే కాగితాలతో పాటు, నాన్న సంతకం చేసిన ఒక ఉత్తరం ఫైల్లో పెట్టి, దాన్ని లెక్కలోంచి తీసేశారు. మిగిలినవాటి పెద్ద నిల్వ 2022 చివర్లో సుమారు 58 వేల డాలర్లు తేలింది. జరిమానా 2,900.

మ్యూచువల్ ఫండ్ల గురించి విన్నప్పుడు మాత్రం ఆవిడ పెన్ను కింద పెట్టి, “ఈ నెలే సిప్ ఆపేయండి” అన్నారు. మన ఫండ్లను ఇక్కడి చట్టం పీఫిక్ అంటుంది. అమ్మినప్పుడు వచ్చే లాభాన్ని మనం ఉంచుకున్న కాలమంతటికీ పంచుతారు. గత సంవత్సరాల వాటాకు ఆ సంవత్సరపు గరిష్ఠ రేటు పన్ను, దాని మీద వడ్డీ వేస్తారు. మాది తక్కువ మొత్తం, ఏమీ అమ్మలేదు, డివిడెండు తీసుకోలేదు. అందుకని ఏటా వేసే ఫారం 8621 మాకు పడలేదు. ఇద్దరం కలిసి రిటర్ను వేసేవాళ్లకు 50 వేల డాలర్ల వరకు ఆ మినహాయింపు ఉంది. నాకు తెలిసిన చాలామంది తెలుగువాళ్లు ఇప్పటికీ ఊళ్లోని ఏజెంటు మాట మీద ఈ ఫండ్లు కొంటూనే ఉన్నారు. వాళ్లతో ఈ విషయం ఎంత చెప్పినా తక్కువే.

పాత రిటర్నులు సవరిస్తుంటే ఇంకోటి బయటపడింది. 2021 రిటర్నులో మేం 600 డాలర్లు విరాళం ఇచ్చినట్టు ఉంది. ఆ ఏడాది భార్యాభర్తలు కలిసి వేస్తే, ఖర్చులను విడివిడిగా చూపకపోయినా అంత వరకు విరాళానికి తగ్గింపు ఇచ్చారు. మేం ఇవ్వలేదు. “ఇచ్చారా?” అని ఆవిడ అడిగినప్పుడు, నేను చూడనేలేదని చెప్పాల్సి వచ్చింది. 132 డాలర్ల పన్ను. చిన్న మొత్తమే. కానీ ఇవ్వని దానం మా పేరు మీద రాసి ఉండటం మా ఇద్దరికీ సిగ్గనిపించింది.

ఫారం 14654 అనే ధ్రువీకరణ పత్రం చివరగా మిగిలింది. ఎందుకు చెప్పలేదో కథంతా రాయాలి. మనకు అనుకూలమైనవీ, ప్రతికూలమైనవీ రెండూ రాయమని ఫారంలోనే ఉంది. ఎవరి సలహా మీదైనా ఆధారపడి ఉంటే వాళ్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, వాళ్లిచ్చిన సలహా రాయాలి. దాన్ని ఆవిడ రాసివ్వలేదు. “ఇది మీ మాటల్లో ఉండాలి. నేను అడుగుతాను, మీరు రాయండి” అన్నారు.

ఇది తెలిసి మా స్నేహితుడు రాత్రి పదకొండుకు ఫోన్ చేశాడు. “ఆయన పేరు రాయకురా. అక్కవాళ్ల ఇంట్లో మాటొస్తుంది. ఎవరూ చేయలేదు, నేనే చేసుకున్నానని రాసేయ్. రిటర్ను మీద కూడా అలాగే ఉంది కదా.” వాడి ఇబ్బంది నాకు అర్థమైంది. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో భోజనం చేసినవాణ్ని. కానీ తప్పు చేస్తే శిక్షకు ఒప్పుకుంటానని రాసి సంతకం పెట్టే కాగితం అది. అందులో అబద్ధం రాయలేను, కుదరదురా అన్నాను. ఆర్నెల్లు వాడు నాతో మాట్లాడలేదు.

మా పాత ‘సీపీఏ గారి’కి నేనే ఫోన్ చేసి ముందుగా చెప్పాను. “మీరు నాకు ఖాతాలున్నాయని చెప్పలేదు కదండీ” అన్నారు. అదీ నిజమే. మొదటి రెండు ముసాయిదాల్లో నేను నేరమంతా ఆయన మీదే పెట్టాను. మా సీపీఏ అవి తిప్పి పంపి, “ఆయన మీకు ఏ సలహా ఇచ్చారు?” అని అడిగారు. ఏమీ ఇవ్వలేదు, అడగలేదు. “మీరు రిటర్ను చదివారా?” చదవలేదు. “అయితే ఆ రెండూ రాయండి.” నాలుగో ముసాయిదాలో రెండూ ఉన్నాయి. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. రిటర్నులో రీఫండ్ గడి తప్ప ఏమీ చూడలేదు. డిపాజిట్ వడ్డీకి పన్ను ఉండదని నమ్మాను. ఫాట్కా ఫారం వచ్చాకే తెలిసింది, తెలిసిన నెల లోపు సాయం కోసం వెళ్లాను. అంతే.

2024 మార్చి చివర్లో మేమిద్దరం ఆవిడ ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టాం. 2020, 2021, 2022 సవరణ రిటర్నులు మూడు, ఒక్కోదాని మొదటి పేజీ పైన ఎర్ర సిరాతో ఆ పద్ధతి పేరు. ఇవన్నీ కాగితం మీదే, ఆస్టిన్‌లోని ఐఆర్‌ఎస్ చిరునామాకు పోస్టులో వెళ్లాయి. ఎఫ్‌బార్లు ఆరూ ఆన్‌లైన్‌లో వేశారు. పన్ను, వడ్డీ కలిపి 1,900 డాలర్ల పైచిలుకు, జరిమానా 2,900, ఆవిడ ఫీజు 2,800. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఇంతటితో సరిపోయింది. న్యూజెర్సీలో ఉండే మా కజిన్ ఇదే పని చేసుకున్నప్పుడు రాష్ట్ర రిటర్నులు కూడా సవరించుకోవాల్సి వచ్చింది.

ఐఆర్‌ఎస్ నుంచి ‘అందింది, అయిపోయింది’ అనే ఉత్తరం రాదని ముందే చెప్పారు. బ్యాంకులో మా చెక్కు చెల్లిన రోజు ఆవిడకు మెసేజ్ పెడితే, “మంచిది. కాపీలు జాగ్రత్త చేయండి” అని ఒక్క వాక్యం వచ్చింది. ఆ తర్వాత ఏటా రిటర్ను ఆవిడే చేస్తున్నారు. జనవరిలో 12 పేజీల ప్రశ్నల పట్టీ వస్తుంది. ఇద్దరం కూర్చుని నింపుతాం. రిటర్ను తయారయ్యాక ప్రతి పేజీ చదివి, సందేహాలు మార్జిన్‌లో రాసి పంపుతాను. రెండోసారి ఒక డిపాజిట్ వడ్డీ రెండుసార్లు కలిపినట్టు నేనే పట్టుకున్నాను. ఆవిడ క్షమించమని అడిగి, సరిదిద్ది, ఇలా చదివే క్లయింట్లంటే తనకు ఇష్టమని అన్నారు.

ఆ ఖాతాల్లోంచి నా పేరు తీసేద్దామా అని నాన్నను అడిగితే వద్దన్నారు. ఇప్పుడు ఆయనే ఏటా జనవరి మొదటి వారంలో పాస్‌బుక్ పేజీల ఫొటోలు పంపుతారు. నేను అడగక్కర్లేదు. ఏడాదిలో ఎక్కువ నిల్వ ఉన్న తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీస్తారు, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినప్పటిలాగే. ఈసారి గీత పక్కన చిన్న అక్షరాలతో రాశారు: ‘జూన్ 9. డీఏ అరియర్లు పడ్డాయి.’